విలీన మండలాలు

విలీన మండలాలు అనగా 2014లో ఆంధ్రప్రదేశ్ పునర్విభజన సందర్భంగా ఖమ్మం జిల్లా నుండి వేరుచేసి, అవశేష ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో కలిపిన ఏడు మండలాలు. ఇవి పోలవరం ప్రాజెక్టు ముంపు పరిధిలోనివి కావున వీటిని ముంపు మండలాలు అని కూడా వ్యవహరిస్తారు. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు పూర్తిగాను, భద్రాచలం, బూర్గంపాడు మండలాలు పాక్షికంగాను ఈ బదిలీలో ఉన్నాయి.

సాధారణంగా మనుషులు ఒక రాష్ట్రం వదలి మరొక రాష్ట్రానికి వెళ్ళి అక్కడ రేషను కార్డు, ఓటు, కరెంటు, కుల ధ్రువపత్రం మొదలైనవాటిని కొత్తగా ఏర్పాటు చేసుకొంటారు. ఈ మండలాలలోని ప్రజలు మాత్రం ఉన్న ఇంటిలోనే ఉండగా వారి రాష్ట్రం మారినది. ఇళ్ళు, పొలాలు, చుట్టాలు, సంత, ఆసుపత్రి ఎక్కడివక్కడే ఉన్నాయి. కార్యాలయాలు, కాగితాలు, ప్రజాప్రతినిధులు మాత్రం మారారు. రాష్ట్రం మారినప్పుడు పత్రాలలో ఏది మారుతుంది, ఏది మారదు అనే విషయాన్ని అర్థం చేసుకొనుటకు ఈ మండలాల అనుభవం మంచి ఉదాహరణ.

భౌగోళికం

ఈ ప్రాంతం గోదావరి, శబరి నదుల పరీవాహకంలో, తూర్పు కనుమల అంచున ఉన్నది. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలు, భద్రాచలం గ్రామీణ భాగం గోదావరికి ఎడమ ఒడ్డున ఉన్నాయి. కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, బూర్గంపాడు భాగం కుడి ఒడ్డున ఉన్నాయి. శబరి నది కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది. చింతూరు మండలం ఛత్తీస్‌గఢ్, ఒడిషా రాష్ట్రాల సరిహద్దుకు ఆనుకొని ఉన్నది. విజయవాడ నుండి భద్రాచలం, చింతూరు, కుంట మీదుగా జగదల్‌పూర్ వెళ్ళు 30వ నెంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతం గుండా పోతుంది.

జనాభాలో కోయలు అధికులు. కొండరెడ్లు నదీతీర గ్రామాలలోను, కొండల మీద గూడేలలోను నివసిస్తారు. ప్రాంతమంతా రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు క్రింద షెడ్యూల్డు ప్రాంతము.

చరిత్ర

రాష్ట్రం, రాజ్యం మారడం ఈ నేలకు 2014లోనే మొదటిసారి కాదు. గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలను నిజాము 1860లో బ్రిటిషు వారికి అప్పగించాడు. అవి మధ్య పరగణాల క్రింద ఎగువ గోదావరి జిల్లాలో ఉండి, 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాకు బదిలీ అయ్యాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలోను, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లోను భాగమయ్యాయి. కుడి ఒడ్డున ఉన్న బూర్గంపాడు, కుక్కునూరు, వేలేరుపాడు గ్రామాలు మాత్రం హైదరాబాదు సంస్థానంలోనివి.

వరంగల్ జిల్లా నుండి 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడినది. 1959లో తూర్పు గోదావరి జిల్లాలోని భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలను పాలనా సౌలభ్యం కొరకు ఖమ్మం జిల్లాలో కలిపారు. ఆ విధంగా నదికి రెండు ఒడ్డులూ ఒకే జిల్లాలోకి వచ్చాయి. 2014లో ఎడమ ఒడ్డు గ్రామాలు మరల తూర్పు గోదావరి జిల్లాకే చేరినవి. భద్రాచలం పట్టణం ఎవరిది అనే వాదనలో ఇరుపక్షాలవారు ఈ 1959 బదిలీనే ప్రస్తావిస్తుంటారు.

బదిలీ జరిగిన విధం

ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 2014 (2014లో 6వ చట్టం) మార్చి 1న రాష్ట్రపతి ఆమోదం పొందినది. ఆ చట్టపు 90వ సెక్షను పోలవరం ప్రాజెక్టును జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించినది. మొదటి చట్టంలో, నీటిపారుదల శాఖ 2005 జూన్ 27న జారీ చేసిన 111వ నెంబరు ఉత్తర్వులో పేర్కొన్న రెవెన్యూ గ్రామాలను, బూర్గంపాడు మండలంలోని కొన్ని గ్రామాలను మాత్రమే తెలంగాణ నుండి మినహాయించారు. అనగా గ్రామం ప్రాతిపదికగా విభజన జరిగినది.

కేంద్ర ప్రభుత్వం 2014 మే 29న ఒక ఆర్డినెన్సు ద్వారా దీనిని సవరించి మండలం ప్రాతిపదికగా మార్చినది. ఆ రోజున తెలంగాణలో బంద్ పాటించారు. జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడేనాటికే ఈ మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు చెందినవిగా లెక్క. ఆర్డినెన్సు స్థానంలో వచ్చిన సవరణ బిల్లును లోక్‌సభ జూలై 11న, రాజ్యసభ జూలై 14న ఆమోదించాయి. జూలై 17న ఇది 2014లో 19వ చట్టమైనది.

సవరణ చట్టంలో రెండు మినహాయింపులు ఉన్నాయి.

- భద్రాచలం మండలంలో భద్రాచలం రెవెన్యూ గ్రామం తెలంగాణలోనే ఉండిపోయినది. శ్రీ సీతారామచంద్రస్వామి దేవాలయం ఇందులోనే ఉన్నది.
- బూర్గంపాడు మండలంలో పినపాక, మోరంపల్లి బంజర, బూర్గంపాడు, నాగినిప్రోలు, కృష్ణసాగర్, టేకుల, సారపాక, ఇరవెండి, మోతెపట్టినగర్, ఉప్పుసాక, సోంపల్లి, నకిరిపేట అను 12 గ్రామాలు తెలంగాణలో ఉండిపోయినవి. భద్రాచలం కాగితపు కర్మాగారం ఈ సారపాకలో ఉన్నది.

ఫలితంగా భద్రాచలం పట్టణానికి ఎడమ ఒడ్డున ఆనుకొని ఉన్న గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. పట్టణం నుండి ఎటపాక మీదుగా దుమ్ముగూడెం, పర్ణశాల వైపు వెళ్ళు తెలంగాణ ప్రయాణికులు కొంతదూరం ఆంధ్రప్రదేశ్‌లో ప్రయాణించి మరల తెలంగాణలో ప్రవేశిస్తారు.

పాలనా విభాగాలలో మార్పులు

ఎడమ ఒడ్డు మండలాలు 2014లో తూర్పు గోదావరి జిల్లాలోను, కుడి ఒడ్డు మండలాలు పశ్చిమ గోదావరి జిల్లాలోను చేరాయి. భద్రాచలం మండలం నుండి వచ్చిన గ్రామాలతో నెల్లిపాక మండలం ఏర్పడి, తరువాత ఎటపాక మండలంగా పేరు మారినది. బూర్గంపాడు నుండి వచ్చిన గ్రామాలు కుక్కునూరు మండలంలో కలిశాయి. కావున బదిలీ అయినవి ఏడు మండలాలైనా, ఇప్పుడు లెక్కకు ఆరు మండలాలే ఉన్నాయి.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినది. అప్పుడు చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, ఎటపాక మండలాలు పాడేరు కేంద్రంగా గల అల్లూరి సీతారామరాజు జిల్లాలోను, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఏలూరు జిల్లాలోను చేరాయి. తరువాత చింతూరు కేంద్రంగా రెవెన్యూ డివిజను ఏర్పడినది. 2025 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం రంపచోడవరం కేంద్రంగా పోలవరం జిల్లా ఏర్పాటు చేయుటకు నిర్ణయించి, చింతూరు డివిజనును అందులో చేర్చినది. తెలంగాణ వైపు, 2016 అక్టోబరు 11న ఖమ్మం జిల్లా నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడగా భద్రాచలం పట్టణం అందులో చేరినది.

గిరిజన సంక్షేమ కార్యక్రమాలు అంతకుముందు భద్రాచలం సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటిడిఎ) ద్వారా జరిగేవి. బదిలీ అనంతరం ఎడమ ఒడ్డు మండలాలకు చింతూరులో ప్రత్యేక ఐటిడిఎ ఏర్పడినది. కుడి ఒడ్డు మండలాలు బుట్టాయగూడెం మండలంలోని కోట రామచంద్రపురం ఐటిడిఎ పరిధిలోకి వచ్చినవి.

ఒక చింతూరు నివాసి దృష్టిలో చూస్తే, ఖమ్మం జిల్లాలో ఉండగా చాలా పనులు భద్రాచలంలోనే పూర్తయ్యేవి. 2014 తరువాత జిల్లా కేంద్రం పని ఉంటే మారేడుమిల్లి కనుమ దారిలో రంపచోడవరం మీదుగా కాకినాడ వెళ్ళవలసి వచ్చినది. 2022 తరువాత పాడేరు వెళ్ళవలసి వచ్చినది. అయినా వైద్యం, వ్యాపారం కొరకు ఇప్పటికీ భద్రాచలానికే వస్తారు.

శాసనసభ, ఓటు హక్కు

2014 ఏప్రిల్ 30న జరిగిన సాధారణ ఎన్నికలలో ఈ మండలాల ఓటర్లు తెలంగాణ ప్రాంత నియోజకవర్గాలలోనే ఓటు వేశారు. ఎడమ ఒడ్డువారు భద్రాచలం, బూర్గంపాడువారు పినపాక, కుక్కునూరు, వేలేరుపాడు వారు అశ్వారావుపేట నియోజకవర్గాలకు చెందినవారు. నెల తిరగకుండానే వారి రాష్ట్రం మారినది. కాని నియోజకవర్గాల హద్దులు మారలేదు. ఆ విధంగా నాలుగు సంవత్సరాలకు పైగా ఇక్కడి ప్రజలు ఆంధ్రప్రదేశ్ పాలనలో ఉంటూ, తెలంగాణ శాసనసభలో ప్రాతినిధ్యం కలిగి ఉన్నారు. తమను పరిపాలిస్తున్న రాష్ట్రపు శాసనసభలో వారికి సభ్యుడు లేడు.

ఆ కాలంలో భద్రాచలం శాసనసభ్యుడైన సున్నం రాజయ్య స్వగ్రామం వరరామచంద్రపురం మండలంలోని సున్నంవారిగూడెం. అనగా తెలంగాణ శాసనసభ్యుని ఇల్లే ఆంధ్రప్రదేశ్‌లో ఉండినది. 2018 డిసెంబరు తెలంగాణ శాసనసభ ఎన్నికలకు ముందు ఆ సంవత్సరమే హద్దులు సవరించారు. ఎడమ ఒడ్డు మండలాలు రంపచోడవరం నియోజకవర్గంలోను, కుడి ఒడ్డు మండలాలు పోలవరం నియోజకవర్గంలోను చేరాయి. 2019 ఎన్నికలలో రాజయ్య రంపచోడవరం నుండి పోటీ చేశాడు. లోక్‌సభకు సంబంధించి ఈ ఓటర్లు మహబూబాబాదు, ఖమ్మం స్థానాల నుండి అరకు, ఏలూరు స్థానాలకు మారారు.

ఈ మార్పులో ఓటర్ల జాబితానే మొత్తంగా బదిలీ చేశారు గనుక ప్రతి ఓటరు విడిగా దరఖాస్తు చేయవలసిన అవసరం లేదు. వ్యక్తిగా ఇల్లు మారినవారి సంగతి వేరు. 1950 ప్రజా ప్రాతినిధ్య చట్టం ప్రకారం ఓటరు సాధారణ నివాసం ఉన్నచోటనే నమోదు కావాలి. ఒకటి కంటే ఎక్కువ నియోజకవర్గాలలో పేరు ఉండరాదు. 2022 ఆగస్టు 1 నుండి నివాసం మారినవారు, అదే నియోజకవర్గమైనా వేరొకటైనా, 8వ నెంబరు ఫారముతో దరఖాస్తు చేయాలి. మొదటిసారి నమోదుకు 6వ నెంబరు ఫారము ఉపయోగిస్తారు. తెలిసి తప్పుడు ప్రకటన చేస్తే ఒక సంవత్సరం వరకు జైలుశిక్ష ఉండవచ్చు. భద్రాచలంలోను, పక్క గ్రామంలోను రెండు ఇళ్ళు ఉన్నవారు ఈ విషయం ముఖ్యంగా గమనించాలి. అక్కడ రెండు ఇళ్ళ మధ్య రాష్ట్ర సరిహద్దు ఉండవచ్చు.

పత్రాలు

రాష్ట్రం మారినప్పుడు పత్రాలను రెండు రకాలుగా విభజించవచ్చు. ఆధార్, శాశ్వత ఖాతా సంఖ్య (పాన్), పాస్‌పోర్టు, భవిష్యనిధి సంఖ్య, బ్యాంకు ఖాతా వంటివి దేశమంతటికీ చెందినవి. వీటి సంఖ్య మారదు, చిరునామా మాత్రమే సరిచేసుకోవాలి. రేషను కార్డు, పింఛను, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, పట్టాదారు పాసుపుస్తకం, ఆరోగ్య పథకం కార్డు వంటివి రాష్ట్రానికి చెందినవి. వీటిని కొత్త రాష్ట్రంలో మరల పొందవలసి ఉంటుంది.

వాడుకలో మొదట సరిచేసుకోవలసినది ఆధార్ చిరునామా. మిగిలిన దరఖాస్తులన్నింటికీ అదే ఆధారంగా అడుగుతారు. విలీన మండలాలలో ఇది కూడా చిక్కుగా మారినది. గ్రామం పేరు అదే అయినా ఆధార్‌లో జిల్లా ఖమ్మం అనియు, కొత్త పత్రాలలో తూర్పు గోదావరి అనియు, 2022 తరువాత అల్లూరి సీతారామరాజు లేక ఏలూరు అనియు ఉండవచ్చు. బదిలీ నాటికి ఈ గ్రామాల తపాలా పిన్‌కోడ్‌లు ఖమ్మం ప్రాంతానికి చెందిన 507 అంకెలతో మొదలయ్యేవి. ఇల్లు కదలని మనిషి చిరునామా పదేళ్ళలో పలుమార్లు మారినది.

రేషను కార్డు

2014కు ముందు ఉమ్మడి రాష్ట్రంలో తెల్ల రేషను కార్డు ఉండేది. విభజన తరువాత తెలంగాణలో ఆహార భద్రత కార్డులు, ఆంధ్రప్రదేశ్‌లో తరువాతి కాలంలో బియ్యం కార్డులు వచ్చాయి. ఒక కుటుంబం పేరు రెండు రాష్ట్రాల జాబితాలలో ఉండరాదు. కావున నివాసం మారినవారు పాత రాష్ట్రంలో కార్డు రద్దు చేయించుకొని, రద్దు పత్రంతో కొత్త రాష్ట్రంలో దరఖాస్తు చేస్తారు.

ఈ రెండు అడుగుల నడుమ కుటుంబానికి బియ్యం ఆగిపోయే ప్రమాదం ఉన్నది. దీనికి కొంత పరిష్కారం ఒకే దేశం - ఒకే రేషను కార్డు పథకం. 2019 ఆగస్టులో ఈ పథకాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన రాష్ట్రాల జంటలలో ఆంధ్రప్రదేశ్ - తెలంగాణ ఒకటి, గుజరాత్ - మహారాష్ట్ర రెండవది. 2022 జూన్ నాటికి ఇది దేశమంతటా అమలులోకి వచ్చినది. కార్డు మార్చుకోకుండానే వేలిముద్ర ద్వారా ఏ రాష్ట్రంలోని చౌకధరల దుకాణంలోనైనా సరుకు తీసుకోవచ్చును. అయితే ఇది 2013 జాతీయ ఆహార భద్రత చట్టం క్రిందకు వచ్చే కార్డులకే వర్తిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం తన ఖర్చుతో అదనంగా ఇచ్చే కార్డులకు, అదనపు సరుకులకు వర్తించదు.

పింఛన్ల విషయంలో ఇటువంటి సదుపాయం లేదు. 2014 చివరలో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. భరోసా, తెలంగాణలో ఆసరా అను వేర్వేరు పథకాలు వచ్చాయి. అప్పటి నుండి సరిహద్దుకు ఇరువైపుల ఉన్న వృద్ధులకు పింఛను మొత్తం, అర్హతలు వేరయ్యాయి.

కుల ధ్రువపత్రం

షెడ్యూల్డు తెగల జాబితా రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం ఒక్కొక్క రాష్ట్రానికి వేర్వేరుగా ఉంటుంది. ఒక రాష్ట్రంలో గిరిజనులుగా గుర్తింపు పొందినవారు మరొక రాష్ట్రంలో ఆ గుర్తింపు కోల్పోవచ్చు. లంబాడీలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో షెడ్యూల్డు తెగ, కర్ణాటకలో షెడ్యూల్డు కులము.

ఈ విషయమై ప్రధానమైన తీర్పు తెలుగువారికి సంబంధించినదే. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగ ధ్రువపత్రం పొందిన తెనాలి కుటుంబానికి చెందిన విద్యార్థి మర్రి చంద్రశేఖరరావు, బొంబాయిలో వైద్య కళాశాల ప్రవేశానికి ఆ రిజర్వేషన్ కోరాడు. వలస వెళ్ళిన రాష్ట్రంలో ఆ ప్రయోజనం వర్తించదని సుప్రీంకోర్టు 1990లో తీర్పు చెప్పినది. 2018లో బీర్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం కూడా ఇదే సూత్రాన్ని పాటించినది. వలస వచ్చినవారి పిల్లలకు, తండ్రికి స్వరాష్ట్రంలో ఇచ్చిన ధ్రువపత్రం ఆధారంగా కొత్త రాష్ట్రపు అధికారులు పత్రం ఇవ్వవచ్చని కేంద్ర హోంశాఖ 1982లో సూచించినది. అయితే ఆ పత్రంతో కొత్త రాష్ట్రపు రిజర్వేషన్లు లభించవు.

మనిషి వలస వెళ్ళడం వేరు, రాష్ట్రమే విడిపోవడం వేరు. పునర్విభజన చట్టపు ఐదవ, ఆరవ షెడ్యూళ్ళు రెండు రాష్ట్రాలకూ కులాల, తెగల జాబితాలను ఏర్పాటు చేశాయి. కోయలు, కొండరెడ్లు రెండు జాబితాలలోను ఉన్నారు. కనుక విలీన మండలాల గిరిజనులు తమ హోదాను కోల్పోలేదు. బీహారు, జార్ఖండ్ విభజనకు సంబంధించిన పంకజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2021 ఆగస్టులో ఈ తేడాను స్పష్టం చేసినది. విభజనకు గురైన రాష్ట్రంలోని రిజర్వుడు వర్గాల వ్యక్తి, ఏర్పడిన రెండు రాష్ట్రాలలో ఏదో ఒకదానిలో ప్రయోజనం పొందవచ్చు, ఒకేసారి రెండింటిలో పొందరాదు.

ధ్రువపత్రాల జారీకి రెండు రాష్ట్రాలలోను మూలం ఉమ్మడి రాష్ట్రపు 1993 చట్టం (16వ చట్టం), 1997 నియమాలే. సాధారణంగా తహసీల్దారు, కొన్ని తెగల విషయంలో రెవెన్యూ డివిజనల్ అధికారి పత్రం ఇస్తారు. పాత పత్రంపై ఉన్న మండల కార్యాలయం ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉంటే పరిశీలన కొరకు లేఖలు రాష్ట్రం దాటవలసి ఉంటుంది. ఎటపాక మండలంవారి పాత రికార్డులు భద్రాచలం మండలానివి కావడంతో ఈ చిక్కు వారికి ఎక్కువ.

స్థానికత

1975 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉమ్మడి రాష్ట్రం ఆరు జోన్లుగా ఉండేది. ఖమ్మం జిల్లా ఐదవ జోనులోను, ఉభయ గోదావరి జిల్లాలు రెండవ జోనులోను ఉండేవి. విద్యకు సంబంధించి ఖమ్మం ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిధిలోను, గోదావరి జిల్లాలు ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధిలోను ఉండేవి. ఉద్యోగాలలో, కళాశాల సీట్లలో స్థానికత విద్యార్థి ఎక్కడ చదివినాడు అన్నదానిపై ఆధారపడి ఉంటుంది. ఏడు సంవత్సరాలు ఖమ్మం జిల్లాలో చదివిన చింతూరు విద్యార్థి చదువు పత్రాలన్నీ ఒక రాష్ట్రంవి, ఇల్లు మరొక రాష్ట్రంలో ఉన్నది.

తెలంగాణ నుండి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి స్థిరపడినవారి విషయమై 2016 జూన్‌లో రాష్ట్రపతి ఉత్తర్వులను సవరించారు. 2014 జూన్ 2 నుండి మూడు సంవత్సరాల లోపు వచ్చినవారిని స్థానికులుగా పరిగణించుటకు ధ్రువపత్రం ఇచ్చారు. తరువాత ఆ గడువును పలుమార్లు పొడిగించారు.

షెడ్యూల్డు ప్రాంతాలలో మరొక రకం స్థానికత ఉండేది. ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించే 2000 జనవరి నాటి 3వ నెంబరు ఉత్తర్వు, అభ్యర్థి లేదా తల్లిదండ్రులు 1950 జనవరి 26 నుండి ఆ ప్రాంతంలోనే నివసిస్తూ ఉండాలని కోరినది. ఈ ఉత్తర్వును సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టివేసినది.

భూమి పత్రాలు

షెడ్యూల్డు ప్రాంతంలో భూమి బదలాయింపు నిబంధనలు (1959లో 1వ నిబంధన, దానిని సవరించిన 1970లో 1వ నిబంధన) రెండు రాష్ట్రాలలోను అమలులో ఉన్నాయి. వీటి ప్రకారం గిరిజనేతరులు ఇక్కడ భూమి కొనరాదు. గిరిజనేతరుల భూమిని కూడా గిరిజనులకే అమ్మాలి. భద్రాచలం పట్టణం కూడా షెడ్యూల్డు ప్రాంతమే. కావున కొత్తగా వచ్చి నివసించే గిరిజనేతరులకు రిజిస్టరు దస్తావేజు చిరునామా ఆధారంగా లభించుట అరుదు. అద్దె ఒప్పందం, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు వంటివే ఆధారమవుతాయి. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు నివాసాన్ని చూపుతాయి గాని యాజమాన్యాన్ని నిరూపించవు.

పహాణీ, 1-బి రికార్డులు రెండు రాష్ట్రాలలో వేర్వేరు దారులు పట్టాయి. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణి, దాని స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి పోర్టల్ ఉన్నది. ఒకే రైతుకు భద్రాచలం వైపు ఒక చెక్క, ఎటపాక వైపు ఒక చెక్క ఉంటే రెండు రాష్ట్రాల పాసుపుస్తకాలు ఉంచుకోవాలి.

వాహనాలు

డ్రైవింగు లైసెన్సు దేశమంతటా చెల్లుతుంది. వాహనం విషయంలో 1988 మోటారు వాహనాల చట్టపు 47వ సెక్షను వర్తిస్తుంది. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచే వాహనానికి అక్కడి నెంబరు తీసుకోవాలి. దానికి ముందుగా పాత రవాణా కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం (28వ ఫారము) పొంది, కొత్త చోట 27వ ఫారముతో దరఖాస్తు చేసి, జీవితకాల పన్ను చెల్లించాలి. వాహనంపై అప్పు ఉంటే అప్పు ఇచ్చిన సంస్థ అంగీకారం కావాలి.

ఖమ్మం జిల్లా పాత వాహనాలకు ఏపీ 20 అను గుర్తు ఉండేది. విభజన తరువాత ఖమ్మానికి టీఎస్ 04, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు టీఎస్ 28 వచ్చాయి. 2024 మార్చి నుండి తెలంగాణ కొత్త వాహనాలకు టీజీ అక్షరాలు ఇస్తున్నారు. అందుచేత భద్రాచలం వీధులలో ఏపీ, టీఎస్, టీజీ మూడు గుర్తులూ కనబడతాయి.

విద్యుత్తు, ఇతర సేవలు

2014 వరకు ఈ మండలాలకు వరంగల్ కేంద్రంగా గల ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ కరెంటు సరఫరా చేసేది. బదిలీ తరువాత అవి విశాఖపట్నం కేంద్రంగా గల తూర్పు విద్యుత్ పంపిణీ సంస్థ పరిధిలోకి వచ్చాయి. వినియోగదారుని దృష్టిలో మీటరు, తీగ, స్తంభం పాతవే. సర్వీసు నెంబరు, బిల్లు, ధరల పట్టిక కొత్తవి. ధరలను ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రపు విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది.

ఉత్పత్తి విషయంలో మార్పు ఇంకా పెద్దది. చింతూరు మండలం మోతుగూడెం వద్ద ఉన్న 460 మెగావాట్ల దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం మండలంతో పాటు ఆంధ్రప్రదేశ్‌కు చేరినది. విద్యుత్ కొరత ఎక్కువగా ఉన్న ఆ సంవత్సరంలో తెలంగాణ ఈ బదిలీపై తీవ్ర అభ్యంతరం తెలుపుటకు ఇది ఒక ముఖ్య కారణం.

వంటగ్యాసు కనెక్షను చమురు సంస్థకు చెందినది, రాష్ట్రానిది కాదు. రాష్ట్రం మారినంత మాత్రాన అది మారదు. ఊరు మారినవారు మాత్రం సిలిండరు, రెగ్యులేటరు పాత ఏజెన్సీకి అప్పగించి, డిపాజిట్టు తిరిగి తీసుకొని, ఇచ్చిన పత్రంతో కొత్త ఏజెన్సీలో చేరాలి.

ఆరోగ్య పథకాలు రాష్ట్రాలవారీగా ఉన్నాయి. ఎటపాక, కూనవరం గ్రామాలవారికి దగ్గరలో ఉన్న పెద్ద ఆసుపత్రి భద్రాచలం ఏరియా ఆసుపత్రియే. ప్రసవాలకు, అత్యవసర వైద్యానికి సరిహద్దు దాటి అక్కడికే వెళ్ళుట కొనసాగుతున్నది.

గుత్తికోయలు

ఈ అడవిలో నిజంగా రాష్ట్రం మారి వచ్చినవారు గుత్తికోయలు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం ప్రారంభమైన తరువాత, మావోయిస్టులకు, ప్రభుత్వ బలగాలకు మధ్య హింస తాళలేక దంతెవాడ, సుక్మా, బీజాపూర్ ప్రాంతాల నుండి అనేక కుటుంబాలు ఖమ్మం, భద్రాచలం అడవులకు తరలివచ్చాయి. సుప్రీంకోర్టు 2011 జూలై 5న గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించుట రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పినది. వచ్చినవారిలో చాలామంది తిరిగి వెళ్ళలేదు.

వీరిలో ఎక్కువమంది మురియాలు. ఛత్తీస్‌గఢ్‌లో గోండు ఉపజాతులుగా మురియా, కోయ, దోర్ల పేర్లు షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల జాబితాలో కోయలతో పాటు గుత్తకోయ అను పేరు ఉన్నప్పటికీ, వలస వచ్చినవారికి అది వర్తించదని అధికారులు భావించడంతో కుల ధ్రువపత్రం లభించుట కష్టమైనది. పత్రం లేనందున ఆశ్రమ పాఠశాల తరువాతి చదువులకు, ఉద్యోగాలకు రిజర్వేషన్ అందదు. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందు సాగులో ఉన్నవారికే వర్తిస్తుంది; పైగా షెడ్యూల్డు తెగల వర్గం క్రింద దరఖాస్తు చేయువారు ఆ ప్రాంతంలో షెడ్యూల్డు తెగగా ప్రకటింపబడి ఉండాలి. ఆ తేదీ తరువాత వచ్చినవారికి పోడు భూమిపై పట్టా రాదు.

పట్టా లేని గూడేనికి విద్యుత్తు, రోడ్డు, పక్కా పాఠశాల రావడానికి 1980 అటవీ సంరక్షణ చట్టం అడ్డువస్తుంది. ఆధార్, ఓటు, రేషను కార్డు కొందరికి లభించాయి. విలీన మండలాల కోయలు రాష్ట్రం మారినా హోదా నిలుపుకొన్నారు. అదే అడవిలో, దగ్గరి భాష మాట్లాడే గుత్తికోయలు రాష్ట్రం మారినందున హోదా కోల్పోయారు.

పునరావాసం, వరదలు

పోలవరం జలాశయపు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు (150 అడుగులు). మొదటి దశలో 41.15 మీటర్ల మట్టం వరకు గల గ్రామాలకు పునరావాసం చేపట్టారు. జంగారెడ్డిగూడెం సమీపంలోని తాడువాయి వంటి చోట్ల నిర్వాసితుల కాలనీలు కట్టారు. పరిహారానికి కుటుంబం ఆ గ్రామంలో నివసిస్తున్నట్లు, పిల్లలకు పద్దెనిమిదేళ్ళు నిండినట్లు పత్రాలు చూపాలి. చదువుకొరకు, కూలికొరకు వేరే చోట ఉన్నవారి పేర్లు జాబితాలో లేకపోవడం ఇక్కడి ప్రధాన ఫిర్యాదులలో ఒకటి. ఇక్కడ రేషను కార్డు, ఓటరు జాబితా కేవలం సరుకుకు, ఓటుకు సంబంధించినవి కావు, ఇంటికి దక్కే పరిహారానికి కూడా అవే సాక్ష్యం.

వరదలలో ఈ సాక్ష్యమే కొట్టుకుపోతుంది. 2022 జూలై 16న భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినది. మూడవ ప్రమాద హెచ్చరిక మట్టం 53 అడుగులు. విలీన మండలాలలోని అనేక గ్రామాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. పత్రాలు తడిసిపోయినవారు నకళ్ళు తీసుకోవలసి వచ్చినప్పుడు, 2014కు ముందు పత్రాలకు ఖమ్మం, తరువాతి పత్రాలకు గోదావరి జిల్లాల రికార్డులను ఆశ్రయించాలి. 2015లో ప్రారంభమైన డిజిలాకర్ వంటి సేవలలో భద్రపరచిన పత్రాలకు ఈ బెడద తక్కువ.

ఐదు పంచాయితీల వివాదం

భద్రాచలం పట్టణానికి ఆనుకొని ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు పంచాయితీలను తిరిగి తెలంగాణకు ఇవ్వవలెనని కోరిక ఉన్నది. భద్రాచలం దేవస్థానపు భూములు పురుషోత్తపట్నంలో ఉండుట, పట్టణం విస్తరించుటకు, చెత్త వేయుటకు కూడా స్థలం లేకపోవుట ఇందుకు కారణాలు. 2022 వరదల తరువాత ఈ కోరిక బలపడినది. 2024 జూలై 6న హైదరాబాదులో జరిగిన రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రుల సమావేశం సందర్భంగా కూడా ఈ గ్రామాల విషయం చర్చకు వచ్చినది. రాష్ట్రాల హద్దులు మార్చు అధికారం రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం పార్లమెంటుకే కలదు. అట్టి మార్పు జరిగితే ఈ గ్రామాలవారు తమ రాష్ట్ర పత్రాలను మరొకసారి మార్చుకోవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

- భద్రాచలం
- పోలవరం ప్రాజెక్టు
- ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 2014
- కోయ
- కొండరెడ్లు
- శబరి నది